ఇల్లు చేరిన స్టూడియో మైకు

ఇంట్లో పాటలు రికార్డు చేసుకునేవాళ్ల బల్ల మీద ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఉంటుంది. దాని ముఖాన ఏదో ఒక మూల '48వి' అని రాసిన మీట కనిపిస్తుంది. కండెన్సర్ మైకు తగిలించి ఆ మీట నొక్కడం మరిచిపోతే ఎంత గొంతెత్తి పాడినా తెర మీద గీత కదలదు. సరిగ్గా 48 వోల్టులే ఎందుకన్నదానికి జవాబు నార్వేలో ఉంది. 1966లో బెర్లిన్ నగరపు న్యూమన్ కంపెనీ ట్రాన్సిస్టర్‌తో నడిచే కొత్త మైకును నార్వే జాతీయ రేడియో సంస్థకు చూపించింది. మైకుకు కావలసిన కరెంటు వేరే పెట్టె నుంచి కాకుండా, గొంతును మోసుకొచ్చే తీగలోనుంచే అందాలని ఆ రేడియోవాళ్లు కోరారు. కరెంటు పోయినప్పుడు వెలిగే అత్యవసర దీపాల కోసం వాళ్ల స్టూడియోల్లో అప్పటికే 48 వోల్టుల సరఫరా నడుస్తోంది. ఉన్నదాన్నే మైకుకూ వాడుకున్నారు. కేఎం 84 అనే ఆ సన్నపాటి మైకుతో మొదలైన ఏర్పాటు తర్వాత ప్రపంచానికంతటికీ ప్రమాణమైంది. వరంగల్‌లో పాట నేర్చుకుంటున్న పిల్లైనా, డల్లాస్‌లో తెలుగు పాటల కవర్లు చేసే కుర్రాడైనా ఇవాళ నొక్కుతున్నది ఆ మీటనే.

కొత్తగా మైకు కొనబోయేవారికి అట్టపెట్టె మీద ఇలాంటి మాటలు చాలా కనిపిస్తాయి: లార్జ్ డయాఫ్రమ్ (పెద్ద పొర), కార్డియాయిడ్, సెల్ఫ్ నాయిస్, ఫాంటమ్ పవర్ (పైన చెప్పిన 48 వోల్టుల సరఫరా). వీటిలో ప్రతిదీ ఎప్పుడో ఎవరో ఏదో చిక్కు తీర్చుకోవడానికి కనిపెట్టినదే. ఆ చిక్కులన్నీ రేడియో కేంద్రాలవి, పెద్ద స్టూడియోలవి. మైకు ఇల్లు చేరింది గానీ, అది ఏ గది కోసం పుట్టిందో ఆ గది దాని వెంట రాలేదు. మైకు ఎంపికలో జనం పడే తికమకలో సగం ఇక్కడే ఉంది. అందుకే ధరల పట్టిక కన్నా ముందు దాని చరిత్ర తెలుసుకోవడం మంచిది.

మైకు లేని కాలంలో కొమ్ములోకి పాడేవారు. 1902లో రికార్డింగ్ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు ఆమె గొంతుకూ సూదికీ మధ్య ఉన్నది లోహపు కొమ్ము ఒక్కటే. గొంతులోని బలమే కొమ్ము దాటి, పొరను కదిపి, సూదితో మైనం మీద గాడి తీయించాలి. మైకుల్లేని రోజుల్లో పందిట్లో చివరి వరుస దాకా వినిపించేలా రాగం తీసే మన పద్యనాటక నటుల గొంతుల్లాంటివి ఆ పద్ధతికి బాగా నప్పేవి. చెవిలో చెప్పినట్టు మెత్తగా పాడే గొంతుకు అక్కడ చోటే లేదు.

అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు ఎడ్వర్డ్ క్రిస్టఫర్ వెంటే 1916లో కండెన్సర్ మైకు తయారు చేశాడు. మరుసటి ఏడాది దాని గురించి భౌతికశాస్త్ర పత్రికలో వ్యాసం రాశాడు. ఆ వ్యాసంలో పాట ప్రసక్తి లేదు. శబ్ద తీవ్రతను కచ్చితంగా కొలిచే పరికరంగానే ఆయన దాన్ని చూశాడు. అప్పటి టెలిఫోన్లలో వాడే బొగ్గు రవ్వల మైకు కొన్ని స్వరాలను ఎక్కువగా, కొన్నింటిని తక్కువగా పట్టేది. పైగా దాని సొంత బుసబుస ఎప్పుడూ వినిపిస్తూనే ఉండేది. అన్ని స్వరాలనూ సమానంగా పట్టే కొలత సాధనం టెలిఫోను ఇంజనీర్లకు కావలసి వచ్చింది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పాలన్న ఆ మొదటి గుణం కండెన్సర్ మైకును ఈనాటికీ వదల్లేదు. ఇంట్లో దాన్ని పెట్టుకున్నవారికి ముందుగా ఎదురయ్యేదీ ఆ గుణమే. వీధి చివర బండి హారను, పక్కింటి కుక్కరు విజిలు, తల మీద ఫ్యాను గాలి, అన్నీ పాటతోపాటే వచ్చి చేరతాయి.

లోపల ఉన్నది చాలా తేలికైన ఏర్పాటు. మృదంగం మీది తోలులా బిగించిన పలచని పొర, దాని వెనక రంధ్రాలున్న లోహపు బిళ్ల, రెండింటి మధ్య వెంట్రుక కూడా దూరనంత సందు. నేటి మంచి మైకుల్లో ఈ పొర కొన్ని మైక్రాన్ల మందం ప్లాస్టిక్, దాని మీద బంగారు పూత. పొరా బిళ్లా కలిసి ఒక కెపాసిటర్. శబ్దం తగిలి పొర కదిలినప్పుడల్లా సందు మారుతుంది, సందుతోపాటు వోల్టేజీ మారుతుంది. అయితే ఆ సంకేతం ఎంత నీరసమైనదంటే నాలుగు మీటర్ల తీగ కూడా దాటలేదు. కాబట్టి దాన్ని పెంచే ఆంప్లిఫయర్ పొరకు ఆనుకునే ఉండాలి. కండెన్సర్ మైకులు లావుగా, బరువుగా పుట్టడానికీ, కరెంటు లేకపోతే పలకకపోవడానికీ కారణం ఇదే.

1925లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ తన విద్యుత్ రికార్డింగ్ పద్ధతిని విక్టర్, కొలంబియా కంపెనీలకు ఇచ్చింది. కొమ్ములు మూలపడ్డాయి. కొన్నేళ్లకే బింగ్ క్రాస్బీ వంటి గాయకులు గొంతు చించుకోకుండా, పక్కన కూర్చున్నవారికి పాడినట్టు పాడి లక్షలమందిని ఆకట్టుకున్నారు. మైకే కొత్త రకం గాత్రాన్ని పుట్టించింది.

అయినా అమెరికాలో తొలినాటి కండెన్సర్ ఎక్కువకాలం నిలవలేదు. గాల్లో తేమ పెరిగితే దాని లోపలి నుంచి చిటపటలు మొదలయ్యేవి. 1930ల ఆరంభంలో ఆర్‌సీఏ తెచ్చిన రిబ్బన్ మైకులకు ఆ బాధ తక్కువ, ధ్వని కూడా మెత్తన. రేడియో కేంద్రాలూ సినిమా స్టూడియోలూ వాటివైపు మళ్లాయి. తేమ సమస్య అప్పటితో పోలేదని విశాఖ, మచిలీపట్నం, చెన్నై వాసులకు చెప్పనక్కర్లేదు. వానాకాలంలో మైకును స్టాండుకే వదిలేస్తే పొర మీద చేరిన తేమ గుండా విద్యుదావేశం కొద్దికొద్దిగా జారిపోతుంది, పాట మధ్యలో టపటపమనే చప్పుళ్లు వస్తాయి. సముద్రతీరపు ఊళ్లలో వాడే మైకును పని కాగానే సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో దాచిపెట్టాలి.

అమెరికా పక్కన పెట్టినదాన్ని జర్మనీ పట్టుకుంది. 1928లో గియోర్గ్ న్యూమన్ బెర్లిన్‌లో సొంత కంపెనీ పెట్టాడు. ఆయన తొలి మైకు సీఎంవీ 3. ఎత్తు దాదాపు 40 సెంటీమీటర్లు, బరువు మూడు కిలోల దాకా. ఆంప్లిఫయర్ వాల్వు లోపలే ఉండాలి గనక అంత పొడుగు. చూసినవాళ్లు దానికి 'న్యూమన్ సీసా' అని పేరు పెట్టారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లోనూ ఆ సీసాలు కనిపించాయి. నాజీల సభావేదికల మీదా అవే నిలబడ్డాయి. తనకు వినిపించినదాన్నల్లా నమ్మకంగా మోసే సాధనానికి ఎవరి గొంతు మోస్తున్నామన్న విచక్షణ ఉండదు. దాని చరిత్ర చెప్పేటప్పుడు ఈ పుటను దాటేయడం న్యాయం కాదు.

ఆ రోజుల్లోనే జర్మన్ రేడియో ఇంజనీర్లు హాన్స్ యోఆఖిమ్ ఫాన్ బ్రౌన్‌మ్యూల్, వాల్టర్ వెబర్ ఒక గట్టి చిక్కును విప్పారు. అప్పటిదాకా కండెన్సర్ మైకు అన్ని దిక్కుల నుంచీ ఒకేలా వినేది. రేడియో నాటకంలో నటుడి గొంతుతోపాటు వెనకవాళ్ల దగ్గూ కాగితాల చప్పుడూ అదే స్థాయిలో పడేవి. ఒకే బిళ్లకు రెండువైపులా రెండు పొరలు పెట్టి, బిళ్లలో రంధ్రాలను ఒక లెక్క ప్రకారం తొలిచి, ముందు నుంచి వచ్చే శబ్దానికి చెవి ఒగ్గి వెనక నుంచి వచ్చేదాన్ని వదిలేసే కాప్స్యూల్ వాళ్లు తయారు చేశారు. కాగితం మీద గీస్తే హృదయాకారంలో ఉంటుంది కాబట్టి ఈ వినికిడి తీరును కార్డియాయిడ్ అంటారు. న్యూమన్ చేసిన ఎం7 కాప్స్యూల్ ఈ కోవలోదే. ఇవాళ ఇంట్లో వాడే గాత్ర మైకులు నూటికి తొంభై కార్డియాయిడ్‌లే.

ఈ హృదయాకారాన్ని సరిగా అర్థం చేసుకోక ఇంట్లో చాలామంది తప్పు గోడకు దుప్పటి కడుతుంటారు. మైకు వెనక గోడకు ఫోము అంటించి పని అయిపోయిందనుకుంటారు. మైకుకు వెనక వైపు ఎటూ సరిగా వినిపించదు. దాని ముందువైపు చూస్తున్నది గాయకుణ్ని, గాయకుడి భుజాల మీదుగా అతని వీపు వెనక ఉన్న గోడను. పాట ఆ గోడకు తగిలి తిరిగొచ్చి నేరుగా మైకులో పడుతుంది. బొంతలూ రజాయిలూ వేలాడదీయాల్సింది అక్కడ. కంప్యూటరు ఫ్యాను, వీధి కిటికీ వంటివి మైకు వీపు వైపుకు వచ్చేలా నిలబడాలి. తల మీద తిరిగే సీలింగ్ ఫ్యాను మాత్రం మైకుకు పక్కవాటున పడుతుంది కాబట్టి సగమే తగ్గుతుంది. దాన్ని ఆపడం తప్ప మార్గం లేదు.

1943లో బాంబుదాడుల్లో న్యూమన్ బెర్లిన్ కర్మాగారం దెబ్బతింది. యంత్రాలనూ పనివాళ్లనూ తురింగియా ప్రాంతంలో గెఫెల్ అనే చిన్న ఊరికి తరలించారు. యుద్ధం ముగిసేసరికి ఆ ఊరు సోవియట్ వాటాలో పడింది. న్యూమన్ పశ్చిమ బెర్లిన్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. గెఫెల్‌లో ఉండిపోయిన కర్మాగారం తూర్పు జర్మనీ ప్రభుత్వ సంస్థగా మారి తన దారిన మైకులు చేస్తూ వచ్చింది. ఒకే వంశం రెండు దేశాల్లో చీలిపోయింది. గెఫెల్ శాఖ దశాబ్దాల పాటు మైకుల తయారీలో కొనసాగింది.

పశ్చిమ బెర్లిన్ నుంచి 1949లో వచ్చిన యూ 47తో నేటి గాత్ర మైకు రూపం ఖాయమైంది. పొడవాటి వెండిరంగు గొట్టం, పైన వలతల, లోపల ఎం7 కాప్స్యూల్, టెలిఫుంకెన్ వారి వీఎఫ్14 వాల్వు. ఈ వాల్వు మైకుల కోసం పుట్టింది కాదు, రేడియో సెట్ల కోసం చేసింది. వచ్చిన వాల్వులను పరీక్షించి, రొద తక్కువగా ఉన్నవాటిని ఏరి, వాటి మీద 'ఎం' అని ముద్ర వేసి మైకులకు కేటాయించేవారు. ఫ్రాంక్ సినాట్రా ఈ మైకు ముందే తన గొప్ప పాటలు చాలా పాడాడు. లండన్ అబ్బీ రోడ్ స్టూడియోలో బీటిల్స్ గొంతులను పట్టింది యూ 47, దాని తోబుట్టువు యూ 48.

గాయకులు దాని దగ్గరికి జరిగారు. ఒకవైపే వినే మైకుకు మరో స్వభావముంది. నోరు దగ్గరయ్యేకొద్దీ మంద్రస్వరాలు ఉబ్బుతాయి. జానెడు దూరంలో నిలబడితే గొంతు నిండుగా, పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. రేడియోలో వార్తలు చదివే గొంతుకు ఉండే గాంభీర్యంలో కొంత ఈ భౌతికశాస్త్రానిదే. మరీ దగ్గరకు జరిగితే మాత్రం గొంతు మబ్బుపట్టినట్టవుతుంది, ప, బ అక్షరాల ఊపిరి ఠప్పుమని తగులుతుంది.

యాభైల చివర వీఎఫ్14 తయారీ ఆగిపోయింది. నిల్వ ఉన్న వాల్వులతో మరికొన్నేళ్లు నెట్టుకొచ్చి 1965లో యూ 47కు స్వస్తి పలికారు. ఈలోగా 1960లోనే దాని వారసుడు యూ 67 వచ్చేసింది. గాయకులు మైకుకు ఎంత దగ్గరగా పాడుతున్నారో గమనించి, ఉబ్బిన మంద్రాన్ని కోసే మీటను దానికి పెట్టారు. కాప్స్యూల్ కూడా కొత్తది, పేరు కే67. దాని కథలో ఒక మెలిక ఉంది. ఈనాటి చౌక మైకుల గుట్టంతా ఆ మెలికలోనే దాగి ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

కే67 కాప్స్యూల్ తారస్వరాలను కావాలనే ఎక్కువగా పడుతుంది. కాప్స్యూల్ వెనకనున్న వాల్వు సర్క్యూట్ అంతే కొలతతో వాటిని తగ్గిస్తుంది. ముందు పెంచి తర్వాత తగ్గించడంలో లాభమేమిటంటే, తగ్గించేటప్పుడు పాటతోపాటు వాల్వు చేసే బుసబుస కూడా తగ్గిపోతుంది. చివరికి బయటికొచ్చే గొంతు సమంగా, రొద లేకుండా ఉంటుంది. కాప్స్యూల్, సర్క్యూట్ రెండూ ఒకదాని లెక్కతో మరొకటి చేసిన జంట. 1967లో ట్రాన్సిస్టర్‌తో వచ్చిన యూ 87లోనూ ఈ జంట కొనసాగింది. ఆ మైకు బొమ్మే ఇప్పుడు ప్రపంచమంతటా 'స్టూడియో' అనడానికి గుర్తు.

 

ఇదే కాలంలో మద్రాసు స్టూడియోల్లో తెలుగు సినిమా పాట తన స్వర్ణయుగంలో ఉంది. 1932లో 'భక్త ప్రహ్లాద' నాటికి నటులు సెట్‌లోనే పాడేవారు. నేపథ్యగానం వచ్చాక పాట ప్రత్యేకమైన రికార్డింగ్ థియేటర్‌లోకి మారింది. ఘంటసాల, లీల, సుశీల పాడుతుంటే వాద్యబృందం అంతా అదే వేళకు వాయించేది. వయొలిన్ ఒక్కటి తడబడినా పాట మొదటి నుంచి ఎత్తుకోవాల్సిందే. ఆ థియేటర్ల గోడలకు శబ్దం పీల్చే పలకలు, రెండేసి తలుపులు, మందపాటి తివాచీలు. గాయకుడికి వేరే గాజు గది. మైకు ఎక్కడ పెట్టాలో, ఎంత దూరంలో నిలబడాలో చెప్పే సౌండ్ ఇంజనీరు ఒకరు. మైకుతో పాటు ఆ గదికీ ఆ ఇంజనీరు చెవికీ పాటలో వాటా ఉంది. అలనాటి పాటల్లోని హాయిని యంత్రం ఒక్కదానికే జమకట్టేవారు ఈ మిగిలిన ఇద్దరినీ మరిచిపోతుంటారు.

ఆ థియేటర్ గోడలు దాటి పాట ఇంటికి రావడం మన దగ్గర కూడా కళ్లముందే జరిగింది. 1989లో ఏ.ఆర్. రెహమాన్ చెన్నై కోడంబాకంలో తన ఇంటి పెరట్లో పంచతన్ రికార్డ్ ఇన్ అనే స్టూడియో కట్టుకున్నాడు. మూడేళ్లకు 'రోజా' పాటలు వచ్చాయి. తెలుగులోనూ వాటి ధ్వని కొత్తగా మోగింది. ఇల్లు చిన్నదైనా ఆ గదిని మాత్రం శబ్దానికి తగ్గట్టు శ్రద్ధగా తీర్చుకున్నారన్నది గుర్తుంచుకోవాలి.

మైకు చౌక కావడానికి రెండు దారులు పడ్డాయి. మొదటిది బెల్ ల్యాబ్స్‌లో. 1962లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విద్యుదావేశాన్ని శాశ్వతంగా నిలుపుకునే ప్లాస్టిక్ రేకుతో ఎలెక్ట్రెట్ మైకు కనిపెట్టారు. కాప్స్యూల్‌కు బయటి నుంచి వోల్టేజీ ఇవ్వాల్సిన పని తప్పింది. టేప్ రికార్డర్లు, టెలిఫోన్లు, కాలర్ మైకులు, అన్నిట్లోకీ అది దూరిపోయింది. అమెరికాలో నల్లజాతివారికి ఇంజనీరింగ్ కొలువులు దొరకడమే గగనమైన కాలంలో వెస్ట్ సాధించిన విజయం ఇది. మనిషి గొంతు ప్రయాణించే తీరును మార్చినవారిలో ఆయన పేరు మొదటి వరుసలో ఉండాలి. అయితే ఇవాళ ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకు 'స్టూడియో కండెన్సర్' అంటూ అమ్మే లావుపాటి మైకుల వలతల విప్పి చూస్తే చాలాసార్లు కనిపించేది చిటికెనవేలి గోరంత ఎలెక్ట్రెట్ బిళ్లే. మైకు ఒళ్లు మాత్రం యూ 87ది.

రెండో దారి చైనాది. బీజింగ్‌లోని దాషాన్‌జ్ ప్రాంతంలో 1950ల్లో తూర్పు జర్మనీ ఇంజనీర్ల సాయంతో పెద్ద ఎలక్ట్రానిక్స్ కర్మాగార సముదాయం వెలిసింది. తర్వాత దాన్ని అంకెల పేర్లతో విడదీశారు. వాటిలో 798 ఇప్పుడు చిత్రకారుల గ్యాలరీలతో యాత్రికులు తిరిగే చోటు. 797 మాత్రం మైకుల తయారీలో పేరు తెచ్చుకుంది. 1990ల్లో చైనా కాప్స్యూళ్లు ప్రపంచ విపణిలోకి వచ్చాయి. సిడ్నీలో తల్లిదండ్రుల సౌండ్ కంపెనీని నడుపుతున్న పీటర్ ఫ్రీడ్‌మన్ చైనా లార్జ్ డయాఫ్రమ్ మైకును తెప్పించి, లోపల మార్పులు చేసి రోడ్ పేరుతో అమ్మాడు. తర్వాత సిడ్నీలోనే తయారీ పెట్టుకున్నాడు. అదే కంపెనీ ఎన్‌టీ1-ఏ, జపాన్‌కు చెందిన ఆడియో-టెక్నికా వారి ఏటీ2020 వంటివి విద్యార్థులకూ అందే ధరలో నిలిచాయి. ఒకప్పుడు స్టూడియో యజమాని మాత్రమే కొనగలిగినదాన్ని ఊరి కుర్రాడు కొనుక్కుంటున్నాడు. సంగీతానికి ఇంత మేలు చేసిన మార్పులు చాలా తక్కువ.

చౌక మైకులను తక్కువ చేసి చూడటం ఎంత తప్పో, వాటి లోపాన్ని దాచడమూ అంతే తప్పు. ఎన్నో చౌక మైకుల్లో కే67 నమూనా కాప్స్యూల్‌ను పెట్టారు. దాని జంట సర్క్యూట్‌ను మాత్రం పెట్టలేదు, ఖర్చు తగ్గే మామూలు సర్క్యూట్ కట్టారు. తారస్వరాలను పెంచే సగం ఉంది, తగ్గించే సగం లేదు. దుకాణంలో విన్నప్పుడు ఆ మెరుపు స్పష్టతలా అనిపిస్తుంది. ఇంటికొచ్చి తెలుగు పాట పాడితే స, శ, ష లు సూదుల్లా గుచ్చుకుంటాయి. 'శ్రీ', 'సుస్వరం', 'మనస్సు', 'వసంతం' వంటి మాటలు మన పాటల్లో అడుగడుగునా వస్తాయి. ఆంగ్లంలో రాసిన సమీక్షల్లో, అమెరికా గొంతులతో చేసిన పరీక్షల్లో ఈ బాధ మనకు కనిపించినంతగా కనిపించకపోవచ్చు. ఒత్తులు గట్టిగా పలికే గొంతుకు భ, ఫ, ఖ ల గాలి దెబ్బ మరో పరీక్ష. మైకుకు ముందు గుడ్డ వల కట్టుకోవాలి, మైకును నోటికి ఎదురుగా కాక కాస్త పక్కకు తిప్పి పెట్టుకోవాలి. స్టూడియోల్లో దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే.

ఇక సెల్ఫ్ నాయిస్ అంకె. మైకు తనంతట తాను చేసే రొద ఇది, తక్కువైతే మంచిది. ఏటీ2020కి ఇది 20 డెసిబెల్స్, లక్షలు పలికే న్యూమన్ యూ 87 ఏఐకి 12, టీఎల్ఎం 103కి 7, ఎన్‌టీ1-ఏకి 5. అంటే అందుబాటు ధరలో దొరికే మైకు ఈ ఒక్క అంకెలో స్టూడియో దిగ్గజాన్ని దాటేసింది. ఈ అంకెను చూసే మైకు కొనాలా? నిశ్శబ్దం కోసం కట్టిన రేడియో స్టూడియోలో 5కీ 20కీ తేడా వినిపిస్తుంది. మన పడకగదిలో అర్ధరాత్రి కూడా 30 డెసిబెల్స్‌కు అటూఇటూగా రొద ఉంటుంది, పగలు ఇంకా ఎక్కువ. గది రొద కింద మైకు రొద మునిగిపోతుంది. మెల్లగా వాయించే వీణకో, దూరం నుంచి పట్టే బృందగానానికో అయితే ఈ అంకె ముఖ్యమే. జానెడు దూరంలో నిలబడి పాడే గాయనికి దీనికోసం అప్పు చేయాల్సిన పనిలేదు.

మన ఇళ్లు కట్టే తీరు వల్ల చిక్కు మరింత బిగుస్తుంది. మైకు పుస్తకాలు రాసే అమెరికాలో ఇంటి గోడలు ఎక్కువగా చెక్క చట్రం మీద జిప్సం పలకలు, నేల మీద తివాచీ. తెలుగునాట ఇటుక గోడ మీద సిమెంటు, పైన కాంక్రీటు శ్లాబు, కింద టైల్సు లేదా గ్రానైటు. ఇలాంటి గట్టి తలాలు తమ మీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు వంతులు కూడా పీల్చుకోవు, మిగతాదంతా తిరిగి గదిలోకే కొడతాయి. దానికి తోడు పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు శ్లాబు మన దగ్గర మామూలు. ఆ కొలతల్లో ఎదురెదురు గోడల మధ్య 56, 112, 168 హెర్ట్జ్‌ల దగ్గర శబ్దం ఉప్పొంగుతుంది. మూడువైపులా కొలత ఒకటే కావడంతో ఆ పొంగులు ఒకదాని మీద ఒకటి పడతాయి. 112, 168 హెర్ట్జ్‌లు సరిగ్గా మగగొంతు మంద్రం ఆడే చోట ఉన్నాయి. అందుకే ఒక స్వరం ఢమఢమలాడి పక్కస్వరం పలచబడుతుంది. పాడినవాడు తన గొంతునో మైకునో తిట్టుకుంటాడు. మైకు మాత్రం గదిలో ఉన్నదాన్ని ఉన్నట్టే చెప్పింది, ఇంజనీరు వెంటే దాన్ని చేసిందే అందుకు.

కాబట్టి చేతిలో పాతికవేలుంటే మొత్తం మైకుకే పెట్టడం తెలివైన పని కాదు. పదివేల అటూఇటూ ధరలో పేరున్న కార్డియాయిడ్ మైకు, గట్టి స్టాండు, గుడ్డ వల తీసుకుని మిగతా డబ్బును గదికి ఖర్చు చేయడమే మేలు. చదరపు గదికన్నా దీర్ఘచతురస్రపు గది నయం. గది నడిమధ్య నిలబడకూడదు, గోడకు ఆనుకోకూడదు. బట్టలు నిండిన చెక్క బీరువాల మూల, పరుపు నిలబెట్టిన పక్క, పుస్తకాల అరల ఎదుట పాట ఎంత శుభ్రంగా వస్తుందో ఒకసారి పాడి చూస్తే తెలిసిపోతుంది. పలచటి ఫోము ముక్కలు కీచుదనాన్నే పీలుస్తాయి, మంద్రపు పొంగును ఏమీ చేయలేవు. దానికి నాలుగంగుళాల మందమున్న రాక్‌వూల్ వంటిది కావాలి.

గదిని మార్చే వీల్లేనివారు, అద్దె ఇంట్లో రోడ్డు పక్కన ఉండేవారు కండెన్సర్‌ను వదిలేసి మంచి డైనమిక్ మైకు తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. అది దగ్గరి గొంతును బాగా పట్టి దూరపు చప్పుళ్లను అంతగా పట్టదు, 48 వోల్టులూ అక్కర్లేదు. 1982లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' గాత్రాలకు ఇంజనీరు బ్రూస్ స్వీడియన్ వాడింది ప్రధానంగా షూర్ వారి ఎస్ఎం7 అనే డైనమిక్ మైకు. కోరిన మైకునల్లా తెప్పించుకోగల స్టూడియోలో ఆయన ఏరికోరి తీసుకున్నది అది. అదే ఏడాది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని ఇంట్లో క్యాసెట్ మీద నడిచే టాస్కామ్ పోర్టాస్టూడియోతో, రెండు ఎస్ఎం57 డైనమిక్ మైకులతో నమూనాగా పాడుకున్న పాటలు 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా విడుదలయ్యాయి. తర్వాత పెద్ద బృందంతో మళ్లీ రికార్డు చేసి చూసినా ఇంటి పాటల్లోని బిగువు రాలేదని ఆ క్యాసెట్‌నే ఖాయం చేశారు.

కొనేముందు ఒక పరీక్ష తప్పక చేయాలి. తిరిగి ఇచ్చే వెసులుబాటున్న చోట తీసుకుని, పాడబోయే గదిలోనే, పాడబోయే వేళలోనే మైకు పెట్టుకోవాలి. మొదట ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేసి వినాలి. తర్వాత స, శ లు దండిగా ఉన్న చరణం ఒకటి, భ, ఫ, ప లతో మొదలయ్యే మాటలున్నది ఒకటి, మంద్రంలో నిలిపి పాడే ఆలాపన ఒకటి జానెడు దూరం నుంచి పాడాలి. ఆపైన రెండు జానల దూరం జరిగి మళ్లీ అవే పాడాలి. ఇయర్‌ఫోన్లలో విని, దూరం పెరిగినప్పుడు గది ఎంత ముందుకొచ్చిందో, దగ్గరైనప్పుడు గొంతు ఎంత ఉబ్బిందో పోల్చుకోవాలి. ఆడగొంతుకు సరిపడిన మైకు మగగొంతుకు సరిపడకపోవచ్చు కాబట్టి ఇంట్లో పాడేవారు ఇద్దరుంటే ఇద్దరూ పాడి చూడాలి.